నువ్వుగింజంత తిమింగలం

చుక్కలక్క గీత గీయదు. ఇరవై రెండేళ్ళుగా మ్యూజియంలో బొమ్మలు వేస్తున్న మనిషి ఇంతవరకూ ఒక్క గీత కూడా గీయలేదంటే కొత్తగా చేరినవాళ్ళు నమ్మరు. అప్పుడామె భూతద్దం చేతికిస్తుంది. గీత అనుకున్నది చుక్కల బారు. నీడ అనుకున్నది చుక్కల గుంపు. వెలుగు అనుకున్నది చుక్కలు పక్కకి తప్పుకుని దారిచ్చిన చోటు. సన్నపాళీ, నల్ల సిరా, మందపాటి కాగితం. వీటితో అరచేయంత బొమ్మ వెయ్యడానికి ఆమెకు పన్నెండు రోజులు పడుతుంది. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆమె వేసేవి కర్రను కుళ్ళబెట్టే శిలీంధ్రాలు. పడిపోయిన మాను మీద చెవుల్లా మొలిచేవి, బెరడు కింద నల్లని తాళ్ళలా పాకేవి, ఇవన్నీ కాగితపు పొట్లాల్లో ఎండిపోయి వస్తాయి. పొట్లం విప్పగానే వాన వెలిసిన మర్నాటి అడవి వాసన గదిలో ఒక్క క్షణం నిలబడి వెళ్ళిపోతుంది. ఆ క్షణం కోసం ఆమె ఊపిరి దాచుకుంటుంది. మిగతా ఉద్యోగులు ఆ మూలని కుళ్ళు సెక్షన్ అంటారు. అననీ, అనుకుంటుంది. ఇవే లేకపోతే లోకంలో చచ్చిన చెట్లన్నీ పడినచోటే పడి ఉండేవి, వీళ్ళకి నడవడానికి దారి కూడా ఉండేది కాదు.

గదిలో ఉత్తరం కిటికీ కింద తొమ్మిదడుగుల బల్ల ఉంది. ఉత్తరపు వెలుతురుకి తొందర లేదు. పొద్దున ఎలా వచ్చి కూర్చుంటుందో సాయంత్రం దాకా అలాగే ఉంటుంది, నీడని అటూ ఇటూ లాగదు. చుక్కలు పెట్టేవాళ్ళకి అంతకంటే వరం లేదు. ఆ బల్ల ఇరవై రెండేళ్ళుగా చుక్కలక్కది. ఆమె మోచేయి ఆనే చోట చెక్క నునుపు తేలి, చిన్న పళ్ళెంలా పల్లమైంది. ఆ పల్లాన్ని చూసినప్పుడల్లా ఆమెకి తను అక్కడ మొలిచినట్టు అనిపించేది.

ఆరేళ్ళ కిందట మరిదికి పెళ్ళయి, తోడికోడలు ఇంటికొచ్చింది. ఇంట్లో అందరూ చిన్నకోడలు అంటారు. వచ్చిన మూడోనాడు ఆ పిల్ల వంటింటి గట్టు మీద కాసిని నీళ్ళు ఒలికితే, వేలితో ఆ నీళ్ళనే లాగి ఒక చేపని చేసింది. అది ఆరిపోయేలోగా ఇల్లంతా వచ్చి చూసింది. చుక్కలక్క కూడా చూసింది. తను పన్నెండు రోజుల్లో రాబట్టే ప్రాణం ఆ వేలికొసన పన్నెండు క్షణాల్లో వచ్చి వెళ్ళిపోయింది. అబ్బా ఎంత బాగుంది అని అందరికంటే ముందు అన్నది తనే. అన్నాక నాలుక ఎండిపోయింది.

అయినా మ్యూజియంలో నీళ్ళరంగుల మనిషి కావాలంటే తీసుకెళ్ళి చేర్పించింది తనే. ఇంట్లో కళ్ళముందున్న మనిషి పని దగ్గర కూడా కళ్ళముందుంటే, కనీసం వెనకేం జరుగుతోందో తెలుస్తుంది కదా అనుకుని ఉంటుంది. బొమ్మని పెద్దది చేసేటప్పుడు గళ్ళు ఎలా వేసుకోవాలో, గళ్ళకి అంకెలు ఎలా వేసుకోవాలో కూడా తనే నేర్పింది. నేర్పిన ప్రతిదీ ఆ పిల్ల ఒక్కసారికే పట్టేసింది. రెండోసారి అడిగి ఉంటే ఎంత బావుండేది.

ఇద్దరూ ఒకే బస్సెక్కుతారు. చిన్నకోడలు ఎక్కితే ఎవరో లేచి సీటిస్తారు. ఆ పిల్ల వెంటనే, అక్కా నువ్వు కూర్చో అంటుంది. అలా దొరికిన సీట్లో కూర్చోవడం చుక్కలక్కకి ముళ్ళమీద కూర్చున్నట్టుంటుంది. వద్దంటే అందరూ తనవైపే చూస్తారు. కూర్చుంటే ఆ సీటిచ్చిన మంచితనం ఆ పిల్ల ఖాతాలో పడుతుంది.

ఇలా ఉండగా మ్యూజియంలో కొత్త వసారా కట్టారు. ఇరవై ఎనిమిది మీటర్ల గోడ, తెల్లగా, ఖాళీగా. దాని మీద ఏం వెయ్యాలో మ్యూజియం నడిపే పెద్దసారు తేల్చాడు. ఈ భూమ్మీద రెండు పెద్ద ప్రాణులు: నీలి తిమింగలం, తేనె శిలీంధ్రం. జంతువుల్లో తిమింగలాన్ని మించింది లేదు. శిలీంధ్రం సంగతి వేరే. ఒకానొక అడవిలో నేల కింద, వేళ్ళ వెంట, తొమ్మిది చదరపు కిలోమీటర్ల మేర పాకిన ఒకే ఒక్క ప్రాణి అది. పైకి కనిపించేది చెట్టు మొదట్లో తేనెరంగు గొడుగులు నాలుగు. మిగిలిందంతా చీకట్లో ఉంటుంది.

ఆ మాట విన్న సాయంత్రం చుక్కలక్క బస్సు దిగి ఇంటిదాకా నేలని చూస్తూ నడిచింది. ఇరవై రెండేళ్ళకి తన శిలీంధ్రం తిమింగలం పక్కన నిలబడబోతోంది. గోడ సగం సగం పంచుతారు కాబోలు అనుకుంది. పధ్నాలుగు మీటర్లు. పధ్నాలుగు మీటర్ల మీద ఎన్ని చుక్కలు పెట్టాలి, ఎన్నేళ్ళు పడుతుంది అని లెక్కవేస్తుంటే ఒళ్ళు పులకరించింది.

మర్నాడు తెలిసింది. తిమింగలం నిజమైన కొలతతో గోడ మొత్తం. ఇరవై ఆరు మీటర్లు, అటొక మీటరు ఇటొక మీటరు ఖాళీ. శిలీంధ్రానికి వసారా చివర, తలుపు పక్కన, రెండడుగుల అద్దాల చట్రం. తిమింగలం వేసేది చిన్నకోడలు. నమూనా బొమ్మకి పొడుగాటి కాగితం పరవాలి కాబట్టి ఉత్తరం కిటికీ బల్ల ఆమెకిస్తారు. చుక్కలక్క తలుపు వెనక గోడవైపు బల్లకి మారాలి. అక్కడ ట్యూబ్‌లైటు ఉంది.

పెద్దసారు చెడ్డవాడు కాదు. చాలా మెత్తగా చెప్పాడు. "మీకు కావలసింది అరచేయంత కాగితం కదమ్మా. అంత బల్ల ఎందుకు చెప్పండి?"

ఆమె సరేనంది. పాళీలు, సిరాబుడ్డి, భూతద్దం, బరువుకి పెట్టుకునే చిన్న చెక్కముక్క, అన్నీ ఒక అట్టపెట్టెలో సర్దుకుని ఆరడుగుల అవతలికి వలసపోయింది. చిన్నకోడలు పెట్టె అందుకోబోతే, బరువేం లేదులే అంది. మోచేయి పల్లం మాత్రం బల్లతోపాటే ఉండిపోయింది. ఇప్పుడు ఆ పల్లంలో రంగునీళ్ళ గిన్నె పెట్టుకుంటోంది ఆ పిల్ల. అక్కడైతే గిన్నె కదలదట.

ఆ చెక్కముక్క గురించి చెప్పాలి. కుళ్ళిన మానులోంచి కోసిన ముక్క అది. లేతరంగు చెక్క మీద ఎవరో సిరాతో గీసినట్టు నల్లని సన్నగీతలు వంకర్లు తిరిగి ఉంటాయి. ఒకే మానులో రెండు శిలీంధ్రాలు ఎదురుపడితే, నా మేర ఇంతవరకు, నువ్విటు రాకు అని కట్టుకునే గోడలవి. ఒక అడవిలో ఉన్నది ఒకే ప్రాణా, రెండా అని తేల్చడానికి కూడా ఇదే దారి. దూరదూరపు చెట్ల నుంచి చెరో ముక్కా తెచ్చి ఒక గాజుపళ్ళెంలో పక్కపక్కన పెంచుతారు. ఒకటే అయితే కలిసిపోతాయి. పరాయివైతే మధ్యలో గీత పడుతుంది. ఒకే ఇంట్లో, ఒకే గదిలో, ఒకే బస్సులో ఆరేళ్ళు పక్కపక్కన పెరిగాక తమ ఇద్దరి మధ్యా ఏం పడిందో చుక్కలక్కకి భూతద్దం లేకుండానే కనిపించేది.

తిమింగలం నమూనా బారెడు పొడవు కాగితం మీద తయారైంది. దాన్ని గోడకెక్కించాలంటే గళ్ళు వెయ్యాలి. కాగితం మీద ఒక గడి, గోడ మీద ఒక మీటరు. తల నుంచి తోకదాకా నిలువు వరసలు ఇరవై ఆరు. గోడ మీద వడ్రంగి సుద్దదారం లాగి గళ్ళు కొడతాడు. కాగితం మీద వేసేది మాత్రం ఎప్పుడూ చుక్కలక్కే. ఆమె వేసిన గడి వెంట్రుకవాసి తేడా రాదని అందరికీ తెలుసు.

"అక్కా, గళ్ళు నువ్వే వెయ్యాలి. నేను వేస్తే ఏనుగు నడిచినట్టుంటాయి," అంది చిన్నకోడలు.

నీ తిమింగలానికి నేను గళ్ళు వెయ్యాలా అని నాలుక చివరిదాకా వచ్చింది. ఇలా ఇవ్వు అంది. గోడవైపు బల్ల మీద ట్యూబ్‌లైటు కింద, కాగితం సగం చుట్టి సగం విప్పుతూ, ఒక పూటలో వేసి పడేసింది. గళ్ళు కూడా చుక్కల బారులే. కిటికీ దగ్గర ఆ పిల్ల వడ్రంగితో నవ్వుతూ మాట్లాడుతోంది. ప్రతి నవ్వుకీ ఒక చుక్క లావయింది. అంకెలు వేసి, చుట్ట చుట్టి ఇచ్చేసింది.

ఇంట్లో అత్తగారికి ఈ కథంతా ముక్కలు ముక్కలుగా చేరింది. ఆవిడ ఇద్దరు కోడళ్ళనీ వంటింట్లో ఎదురెదురుగా కూర్చోబెట్టి చాలాసేపు విన్నది. తిమింగలం నాలుక ఏనుగంత బరువని చిన్నకోడలు చెప్పింది. శిలీంధ్రం వేల ఏళ్ళు బతుకుతుందని పెద్దకోడలు చెప్పింది. తిమింగలం పాట వందల మైళ్ళు వినిపిస్తుందని ఒకరు. శిలీంధ్రానికి నోరు లేకపోయినా అడవిని తినేస్తుందని ఇంకొకరు.

"ఒకటి సముద్రంలో ఉంది, ఒకటి మట్టిలో ఉంది," అంది అత్తగారు. "ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. వాటికి పందెం పెట్టిందెవరే?"

చిన్నకోడలు పకపకా నవ్వింది. చుక్కలక్క లేచి గిన్నెలు కడగడానికి వెళ్ళింది. నీళ్ళ చప్పుడులో ఎవరి మాటా వినిపించదు, అదొక సుఖం.

గోడ మీద తిమింగలం రోజుకింత బయటపడుతూ వచ్చింది, ఎవరో తెల్లని దుప్పటి కొద్దికొద్దిగా లాగుతున్నట్టు. ముందు దవడ. తర్వాత పిడికెడు కన్ను. గొంతు కింద పొడుగాటి చాళ్ళు. చిన్నకోడలు పరంజా మీద చెప్పులు విప్పి, చీరచెంగు దోపుకుని, తడిచెయ్యి గోడకానించి రంగు జారుతుంటే చూస్తూ ఉండేది. వసారా దాటేవాళ్ళంతా గొంతు తగ్గించేవాళ్ళు. గేటు దగ్గర కూర్చునే తాత పొద్దున్నే ఆ పిల్ల కనిపించగానే తిమింగలమ్మొచ్చిందో అని లేచి నిలబడేవాడు. వెనకే వస్తున్న చుక్కలక్కని చూసి కూర్చునేవాడు. మోకాళ్ళ నొప్పులాయనకి, అందుకే కూర్చునేవాడు. ఆమెకా సంగతి తెలుసు. తెలిసినా ఆయనవైపు చూడకుండా గేటు దాటేది.

తన చట్రం కోసం ఆమె ఒక పని మొదలుపెట్టింది. గొడుగులు నాలుగు వేసి ఊరుకోవాలని లేదు. శిలీంధ్రం పాకినంత మేర ఊరి పటం మీద వేస్తే? మ్యూజియాన్ని నడిమధ్య పెట్టి, అడవిలో కొలిచి గీసిన ఆ ఆకారాన్ని అదే కొలతతో వీధుల మీద పరిచింది. మార్కెట్టు మునిగింది. బస్సు డిపో మునిగింది. ఆసుపత్రి, రెండు బళ్ళు, రైలుకట్ట మునిగాయి. పటాన్ని కాస్త తిప్పితే ఒక కొమ్మ తమ వీధిదాకా వచ్చింది. ఇంకాస్త తిప్పితే తమ ఇంటి మేడ మీదకి, చిన్నకోడలు ఉండే వాటా మీదకి ఎక్కింది. అక్కడ ఆపింది.

తర్వాత తిమింగలాన్ని అదే కొలతతో వెయ్యాలి కదా అని లెక్క కట్టింది. రెండున్నర మిల్లీమీటర్లు. నువ్వుగింజంత. పాళీతో అయిదు చుక్కలు.

ఆ మధ్యాహ్నం ఆమె చాలా రోజుల తర్వాత ఆకలేసి తిన్నది.

వసారాలో టీకి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ నేలటైల్స్ లెక్కపెట్టడం ఆమెకలవాటు. ఏదైనా లెక్కపెట్టకుండా ఆమె కళ్ళు ఊరుకోవు. ఒక్కో టైలు అరమీటరు. తిమింగలం ముక్కు నుంచి తోకదాకా యాభై రెండు ఉండాలి. తోక పూర్తయిన వారానికి ఒకరోజు లెక్కపెడితే యాభై వచ్చాయి.

ఆగిపోయింది. వెనక్కి వెళ్ళి ముక్కు దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. యాభై. టీ చల్లారిపోయింది. మూడోసారి వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది. యాభయ్యే. తోక అవతల గోడ ఒక మీటరు మిగలాల్సింది రెండు మిగిలింది.

తిమింగలం ఒళ్ళంతా వెతికింది. కన్ను ఉంది. చేతిరెక్క ఉంది. గొంతు చాళ్ళు ఆగిపోయాక, వెన్ను మీది చిన్నరెక్క రాకముందు, మలుపులేని వీధిలాంటి పొడుగాటి పక్క ఒకటుంటుంది. అక్కడే ఒక మీటరు ఎగిరిపోయింది. పొట్ట గీత ఉండాల్సిన దానికంటే కాస్త తొందరగా పైకి లేచింది. చిన్నకోడలు గళ్ళు తప్పు చదివింది. గోడ పక్క పలక మీద ఇరవై ఆరు మీటర్లని చెక్కి ఉంటే, పాతిక మీటర్ల తిమింగలాన్ని వేసింది.

ఆ ఆనందం గురించి చుక్కలక్క తర్వాత ఎవరికీ చెప్పుకోలేదు. మూడు రోజులు ఆ ఆనందాన్ని నోట్లో బిళ్ళలా పెట్టుకుని తిరిగింది, కొరకకుండా. బస్సులో ఆ పిల్ల ఇచ్చిన సీట్లో హాయిగా కూర్చుంది. గేటు తాతకి తనే ముందు నమస్కారం పెట్టింది. ఎప్పుడు చెప్పాలి, ఎవరి ముందు చెప్పాలి అన్నదే ఆలోచన. శుక్రవారం పెద్దసారు అందర్నీ గోడ ముందు నిలబెట్టి చూపిస్తారు. అప్పుడు, చాలా నెమ్మదిగా, ఒకసారి టైల్స్ లెక్కపెట్టండి సార్ అంటే చాలు. గళ్ళు కూడా చూసుకోలేని మనిషికి ఉత్తరం కిటికీ ఎందుకని ఆయనకే తడుతుంది. బల్ల దానంతట అది నడిచి వస్తుంది.

కానీ తప్పు ఏ గడిలో జరిగిందో కూడా చూపించగలగాలి. గురువారం మధ్యాహ్నం చిన్నకోడలు చివరి మెరుగుల కోసం పరంజా ఎక్కాక, చుక్కలక్క ఉత్తరం బల్ల సొరుగు లాగి నమూనా చుట్ట తీసింది. తన బల్ల మీద పరిచింది. ట్యూబ్‌లైటు గుయ్‌మంటోంది. వేలు పెట్టి అంకెలు చదువుకుంటూ వెళ్ళింది.

పదిహేను. పదహారు. పదిహేడు. పదిహేడు. పద్దెనిమిది.

వేలు వెనక్కి వచ్చింది. పదిహేడు, దాని పక్కన మళ్ళీ పదిహేడు. చివర ఇరవై ఆరు లేదు, ఇరవై అయిదుతో అయిపోయింది. ఆమె ఏడు అంకె నడుములో చిన్న అడ్డుచుక్కలు మూడు పెడుతుంది, మొలతాడులా. ఈ మ్యూజియంలో అలా పెట్టేది తనొక్కతే. రెండు పదిహేడ్లకీ మొలతాళ్ళున్నాయి. రెండోదానికి కాస్త లావుగా ఉంది. కిటికీ దగ్గర ఎవరో గట్టిగా నవ్విన క్షణం అది.

చిన్నకోడలు తను నేర్పినట్టే అంకెలు చూసి గడి గడికీ ఎక్కించింది. ఒక పదిహేడుని వేసింది, రెండోదాన్ని వేసేశాననుకుంది. గీత అతకకపోతే చేత్తో కాస్త వంచి అతికించింది. అంతే.

చుక్కలక్క సొరుగులోంచి సగం బ్లేడు తీసింది. మందపాటి కాగితం మీద సిరాని బ్లేడుతో గీకి తీసి, గోటితో రుద్ది నునుపు చేసి, పైన మళ్ళీ రాయడం ఆమెకి అలవాటైన పని. ఎవరూ కనిపెట్టలేరు. రెండో పదిహేడుని పద్దెనిమిది చెయ్యాలి. పద్దెనిమిదిని పంతొమ్మిది. అలా ఇరవై అయిదుని ఇరవై ఆరు చేసేదాకా తొమ్మిది అంకెలు. అప్పుడు తప్పు కాగితం మీద ఉండదు. గోడ మీద మాత్రమే ఉంటుంది.

ఒకటి గీకింది. పొడి ఊదింది. రాసింది. రెండోది కూడా అయ్యింది. కళ్ళు మండుతున్నాయి. మూడోదాని మీద బ్లేడు ఆనించింది.

"అక్కా, అక్కడ వెలుతురు చాలదు. ఇలా కిటికీ దగ్గరికి రా."

గుమ్మంలో చిన్నకోడలు, చేతిలో ఖాళీ నీళ్ళగిన్నె. ముంజేతిదాకా నీలంరంగు. ఎంతసేపయిందో అక్కడ నిలబడి. చుక్కలక్క కాగితం మీద చెయ్యి కప్పింది. అరచేతి కింద ఏడు అంకెలు ఇంకా తప్పుగానే ఉన్నాయి.

"నాకు తెలుసులే అక్కా. తోక వేసిన రోజే తెలిసింది. ఒక గడి మిగలాల్సిన చోట రెండు మిగిలాయి. వడ్రంగి తప్పు కొట్టాడేమో అనుకున్నా. తర్వాత కాగితం చూశాను."

"చూసి?"

"చూసి, చుట్టి, సొరుగులో పెట్టాను."

"ఎవరికైనా చెప్పావా?"

"అత్తయ్యక్కూడా చెప్పలేదు. రేపు పెద్దసారు అడిగితే గళ్ళు నేనే తప్పు చదివానంటాను. నేను ఎన్నేళ్ళ నుంచి వేస్తున్నాను కనక, నన్ను ఏమంటారు? నిన్నైతే ఇరవై రెండేళ్ళుగా ఒక్కమాట అన్నవాళ్ళు లేరు."

చిన్నకోడలు మామూలుగానే చెప్పింది, బస్సులో సీటిచ్చినంత మామూలుగా. చుక్కలక్క బ్లేడు బల్ల మీద పెట్టేసింది. బొమ్మ ఆ పిల్లది. గోడ ఆ పిల్లది. కిటికీ, వెలుతురు, గేటు తాత లేచి నిలబడటం, అన్నీ ఆ పిల్లవే. ఇప్పుడీ గొప్పతనం కూడా. తనకి మిగిలింది ఈ ఒక్క తప్పు. దీన్ని కూడా ఎత్తుకుపోవడానికి వచ్చింది, తడిచేతులతో, నవ్వుమొహంతో.

"నా బల్ల తీసుకున్నావు చాల్లేదూ," అంది. "నా తప్పు కూడా తీసుకుంటావా?"

"అది కాదక్కా..."

"ఇది నాది. ముట్టుకోకు."

కాగితం చుట్ట చుట్టింది. రెండు అంకెలు దిద్దినవి, ఏడు దిద్దనివి, వాటికి బ్లేడు పొడి ఇంకా అంటుకునే ఉంది. చంకలో పెట్టుకుని, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వసారాలో నడిచింది. తిమింగలం పక్కనుంచి యాభై టైల్స్. ఈసారి లెక్కపెట్టలేదు. వెనకాల చిన్నకోడలు అక్కా అక్కా అంటూ వస్తోంది. తనకంటే ముందు ఆ గుమ్మం చేరుతుందేమోనని చుక్కలక్క నడక పెంచింది. నలభై తొమ్మిదేళ్ళ మనిషి, దాదాపు పరుగెత్తింది.

పెద్దసారు గదిలో చుట్ట విప్పి చూపించింది. రెండు పదిహేడ్లు తన చేతివేనని చెప్పింది. రెండోదాన్నీ, దాని పక్క అంకెనీ ఇందాకే గీకి దిద్దానని, మిగిలినవి కూడా దిద్దబోయానని, ఎందుకు దిద్దబోయిందో కూడా చెప్పింది. చిన్నకోడలు గుమ్మం బయట నీళ్ళగిన్నెతో నిలబడి ఉంది. లోపలికి రాలేదు.

పెద్దసారు కళ్ళద్దాలు పైకి జరిపి చాలాసేపు అంకెలు చూశాడు. వసారాలోకి వెళ్ళి గోడ చూసి వచ్చాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"పాతిక మీటర్ల తిమింగలాలు సముద్రంలో లేవా ఏమిటమ్మా? బోలెడున్నాయి. పలక మీద అంకె మార్పించేస్తే సరి."

అంతే. మూడు రోజులు నోట్లో దాచుకున్న బిళ్ళ, తర్వాత గొంతుకి అడ్డుపడ్డ బిళ్ళ, అంత తేలిగ్గా కరిగిపోయింది. చుక్కలక్కకి ఊరటకంటే చిన్నతనమే ఎక్కువ అనిపించింది. తన తప్పు కూడా ఈ గోడని కదిలించలేకపోయింది.

లేవబోతూ ఆగింది. ఇంత చెప్పాక ఇంకొకటి చెబితే పోయేదేముంది అనుకుంది.

"సార్, నా బల్ల నాకు ఇచ్చేయండి. అరచేయంత కాగితానికైనా ఉత్తరపు వెలుతురే కావాలి. ఆ రెండో పదిహేడు ట్యూబ్‌లైటు కింద పడింది."

అది పూర్తిగా నిజం కాదని ఆమెకి తెలుసు. నవ్వుల సంగతి చెప్పలేదు. పెద్దసారు కిటికీలోంచి బయటికి చూసి, ఇకముందు ఆ అమ్మాయి డాల్ఫిన్లు వెయ్యాలని, దానికీ పెద్దకాగితం పరవాలని నసిగాడు. చివరికి, తొమ్మిదడుగులుంది కదమ్మా ఆ బల్ల, ఇద్దరికీ చాలదా అన్నాడు.

సోమవారం నుంచి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర. చుక్కలక్క తన చివరన కూర్చోగానే చేసిన మొదటి పని, బల్ల మధ్యలో పెన్సిల్‌తో చుక్కల బారు పెట్టడం. ఈ అంచు నుంచి ఆ అంచుకి. మోచేయి పల్లం తనవైపు వచ్చింది. చిన్నకోడలు గిన్నె తీసి తనవైపు పెట్టుకుంది.

పటం నెలలో పూర్తయింది. నల్లని తాళ్ళు వీధుల కింద పాకి, మార్కెట్టు చుట్టూ ముడులు పడి, రైలుకట్ట దాటి ఒక మేడ మీద ఆగాయి. మధ్యలో మ్యూజియం ఉన్నచోట అయిదు చుక్కలు. చిన్నకోడలు భూతద్దంతో వంగి చాలాసేపు చూసింది.

"ఇదేనా నేను?"

"నువ్వు కాదు. నీ తిమింగలం."

"తప్పిపోయిన మీటరు ఇందులో కనపడదేం?"

"ఒక చుక్కలో అయిదోవంతు. ఎవరికి కనిపిస్తుంది?"

"తోక ఎంత బాగా లేపావక్కా."

చుక్కలక్క భూతద్దం లాక్కుని చూసింది. నిజమే. అయిదో చుక్క వెంట్రుకంత పైకి పడింది. ఆ నువ్వుగింజ ఈదుతోంది.

చట్రం తలుపు పక్కన వేలాడదీశారు. జనం తిమింగలం గోడని నడుస్తూ చూస్తారు, చూస్తూ చూస్తూ వసారా అయిపోతుంది, అప్పుడు పటం ముందుకొచ్చి ఆగుతారు. ముందు పలక చదువుతారు. తర్వాత అందరూ ఒకే పని చేస్తారు. ముక్కు అద్దానికి ఆనేంత వంగి తిమింగలం ఎక్కడుందో వెతుకుతారు. వాళ్ళ వెనక నిలబడి చుక్కలక్క చాలాసార్లు చూసింది. ఆమె పెట్టిన చుక్కలు లక్షకి పైనే. అందరికీ కావలసింది అయిదు. దొరకగానే, ఇదిగో ఇక్కడుంది అని ఒకరికొకరు చూపించుకుంటారు. గోడ ముందుకంటే ఇక్కడ రెండింతలసేపు నిలబడతారు, అది నిజం. ఆ నిజం తనదా, ఆ పిల్లదా అన్నదే ఆమెకింకా తేలలేదు.

ఒకరోజు అలా చూసి గదికి వచ్చేసరికి చిన్నకోడలు డాల్ఫిన్ కాగితం మీద వంగి ఉంది. కిటికీకి పదకొండు చువ్వలు. చుక్కలక్క కూర్చుని లెక్కపెట్టింది. ఆ పిల్లవైపు ఆరు, తనవైపు అయిదు. ఇన్నాళ్ళూ ఎలా చూడలేదో.

రబ్బరు తీసుకుని బల్ల మధ్యలో చుక్కల బారుని చెరిపింది. అరచువ్వ అవతలికి జరిపి మళ్ళీ పెట్టడం మొదలుపెట్టింది. చిన్నకోడలు తలెత్తి చూసింది. మోచేయి తీసి, చుక్కలకి చోటిచ్చింది.

అదే చుక్కలక్క ఒళ్ళు మండించింది.